శ్రీమత్ టాలీ లైసెన్సు పరకాయప్రవేశము

సాగరు ఎడమకాల్వ నీళ్లు తాగి పండిన ధాన్యం రాశులు రాశులుగా కనకాచలాలై నిలువగా, బాయిలర్ల ఆవిరి మేఘమాలికలై దిక్కులు కమ్మగా, తౌడుధూళి సాంబ్రాణిధూపమై గుబాళింపగా, వేబ్రిడ్జి ఎక్కే లారీలు మదగజాలవలె ఊగుతూ ఘీంకరింపగా, మిర్యాలగూడ మిల్లుసీమలోని ఒకానొక రైస్‌మిల్లు ఆఫీసుగదిలో, గోడవార ఇనుపబల్ల మీద కొలువుదీరి ఉన్నాడు పాతకంప్యూటర్ చక్రవర్తి!

ఏమా ఠీవి! ఏమా వార్ధక్యశోభ! పుట్టుకతో శ్వేతవర్ణుడే గాని తౌడు పట్టి పట్టి పసిమి తేలినవాడు. ఫాలభాగాన ఏనాటి దసరాదో కుంకుమబొట్టు; అంతరంగాన ఝంఝామారుతఘోషతో తిరిగే పంఖా. మీటల మీది అక్షరాలు అరిగి అరిగి మోక్షం పొందాయి. విండోస్ 7 అనే ఆయన వృద్ధమంత్రికి మైక్రోసాఫ్ట్ వారు 2020 జనవరి 14ననే సేవలు చాలించినా, ఈ సభలో మాత్రం ఎవరూ ఆ వార్త చెవికెక్కించుకోలేదు.

ఆ జరాభారదేహంలో ఒక దివ్యప్రాణం వెలుగుతోంది. అదే జమాఖర్చుల సాఫ్ట్‌వేరైన టాలీప్రైమ్ సిల్వర్ లైసెన్సు! గోల్డు సంగతి వేరు, అది ఆఫీసు నెట్‌వర్కులోని యంత్రాలన్నిటా ఒకేసారి రాసలీల సాగించగల బహురూపధారి. సిల్వరుది ఏకపత్నీవ్రతం. ఒక పెట్టెను వరించిందా, విధివిహితంగా విడుదల పొందేదాకా మరో పెట్టె ముఖం చూడదు.

ఎదుటిబల్ల మీద నవయౌవనుడు, నిగనిగ నల్లనివాడు, కొత్తకంప్యూటర్ యువరాజు. ఒంటి మీది ప్లాస్టిక్ పొర ఇంకా తీయలేదు. శుభం జరిగేదాకా తీయకూడదని అకౌంటెంటు ఆన.

ముహూర్తం 11వ తేదీ! జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను దాఖలుకు ఆఖరి దినం. లైసెన్సు మార్చడానికి నెలలో ఇంతకన్నా భయంకరమైన రోజును ఎంచడం ఏ దైవజ్ఞుడికీ సాధ్యం కాదు.

అదుగో, ద్విచక్రవాహనారూఢుడై వచ్చాడు సర్వీసు కుర్రాడు! భుజాన నల్లసంచి అక్షయతూణీరమై వేలాడుతోంది. నడుమున స్క్రూడ్రైవరు చురకత్తియై మెరుస్తోంది. ఎదురేగాడు అకౌంటెంటు, చెవిసందున బాల్‌పెన్ను ధరించిన మహారథి.

ముందు కోశాగారం తరలింది. ఏళ్లతరబడి కొన్న వడ్లు, అమ్మిన బియ్యం, రావలసిన బాకీలు, రాని బాకీలు, అంతా ఒక డేటా ఫోల్డరై, బొటనవేలంత పెన్‌డ్రైవు పల్లకి ఎక్కి, ఈ బల్ల నుంచి ఆ బల్లకు ఊరేగింది. కోశాగారం పల్లకిలో పడుతుంది గాని కిరీటం పడదు. దానికి వేరే తంత్రముంది.

"అన్నా, ముందుగాల పాతదాంట్ల సరెండర్ కొట్టాలె. నెట్ ఐడీ, పాస్‌వర్డ్ చెప్పు."

దుర్గరహస్యం గోడకే వేలాడుతోంది, వెంకటేశ్వరస్వామి క్యాలెండరు వెనక, పెన్సిలు రాతలో. కుర్రాడు ఎఫ్1 మీట నొక్కి, సెట్టింగుల సింహద్వారం దాటి, లైసెన్సు అంతఃపురం చొచ్చి, సరెండర్ అన్న చోట ఆగాడు. సభ నిశ్చేష్టమైంది. హమాలీ చేతిలోని బీడీ సైతం పొగ విడువ మరచింది. వజ్రాయుధంలా పడింది వేలు!

హా! దీపం ఆరిన దేవళంలా అయిపోయాడు చక్రవర్తి. దేహముంది, రొదా ఉంది, ప్రాణం లేదు. తెరమీద ఎడ్యుకేషనల్ మోడ్ అన్న వానప్రస్థచిహ్నం వెలిసింది. ఇక నెలలో 1, 2, 31 తేదీలు తప్ప తక్కిన దినాల్లో వోచరు ఎక్కదు. ఈవేళ 11! నిన్నటిదాకా లక్షల బిల్లులు చించిన చేయి ఇప్పుడు బడిపిల్లవాడి పలక పట్టింది.

విడుదలైన ప్రాణం బెంగళూరు టాలీ కంపెనీవారి సర్వరులోకంలో నిరాకారంగా నిలిచింది. పాతవాడిలో లేదు, కొత్తవాడిలో చేరలేదు. సింహాసనం శూన్యం! సరిగ్గా ఆ సంధికాలంలోనే ద్వారాన గర్జించింది లారీ. దాని నిండా 26 కిలోల వీరబస్తాలు! 25 కిలోల దాకా అచ్చువేసి అమ్మే సంచికి 5 శాతం పన్నని 2022 జులై 18న శాసనం అమలుకు రాగా, ఒక్క కిలో బరువెక్కి ఆ బాణాన్ని తప్పుకున్న ధీరవంశం వారిది.

"బిల్లేదన్నా? లోడై గంటాయె!" డ్రైవరు శంఖారావం.

కొత్తవాడిలో తొమ్మిదంకెల సీరియల్ నంబరు ఆవాహన చేశాడు కుర్రాడు. బెంగళూరు బదులిచ్చింది: అన్‌లాక్ కీ ఓనరుగారి మెయిలుకు పంపబడినది. ఓనరుగారెక్కడ? వియ్యంకులవారి ఫంక్షన్ హాల్లో, బ్యాండుమేళ ప్రళయమధ్యంలో!

"సార్, మీ మెయిల్‌కు కీ వచ్చింది. జర చూసి చెప్పుండ్రి!"

"ఏం కీ? బీరువాదా? బీరువా కీ అమ్మ దగ్గరుంటది!"

"బీరువాది కాదు సార్, టాలీది!"

"తాళిదా? తాళి ఇంకా కట్టలే, అక్షింతలు ఇప్పుడే పంచుతున్నరు!"

డోలు మోతను చీల్చుకుంటూ, సన్నాయి సుడిగుండాలను ఈదుకుంటూ, ఒక్కొక్క అంకె లంకనుంచి వచ్చే చూడామణిలా చేరింది. నాలుగో ఏడో తేలక ఒకచోట మహాసంగ్రామమే జరిగింది. మూడుసార్లు అరిస్తే ఏడని తేలింది. కడపటి అంకె పడింది. ఎంటరు పడింది. యాక్టివేట్ అయింది! యువరాజు నుదుట సిల్వరు పట్టం మెరిసింది! హమాలీల ఈలలు, లారీ హారను, టీగ్లాసుల గలగల కలిసి దిగంతాలు మార్మోగాయి. అకౌంటెంటు స్వహస్తాలతో ప్లాస్టిక్ పొర వలిచి, బిల్లు కొట్టి, కంట్రోల్ పి అన్నాడు.

బిల్లు రాలేదు.

మూలనున్న డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు తన వెడల్పాటి పళ్లవరస కేబులు చాచి దీనంగా చూస్తోంది. కొత్తవాడి వెన్నంతా తడిమాడు కుర్రాడు. అంత నోరున్న రంధ్రం ఎక్కడా లేదు.

"అన్నా, కన్వర్టర్ కేబుల్ కావాలె. బజార్ల తెస్త" అంటూ బండి కిక్కు కొట్టాడు.

అకౌంటెంటు సొరుగు లాగి, పాత బిల్లుబుక్కు తీసి, దుమ్ము ఊది, నడుమ కార్బన్ కాయితం దోపి, చెవి మీది పెన్ను దించాడు. కొత్త తెరమీది అంకెలు చూసి చూసి చేత్తో ఎక్కిస్తున్నాడు. "జల్ది రాయన్నా" అంటున్నాడు డ్రైవరు.