అనిమిష బావ

బెంగళూరు మారతహళ్లిలో ఏ తెలుగు మెస్సుకైనా వెళ్లి మూల బల్ల చూడండి. కుడిచేత్తో పప్పన్నం కలుపుతూ, ఎడమచేత్తో ఫోన్ తోస్తూ, ముద్ద ముద్దకీ చొక్కా భుజానికి కళ్లు తుడుచుకునేవాడొకడు ఉంటాడు. గోంగూర పచ్చడి ఘాటనుకునేరు. కళ్లు పొడిబారాయి. మా మేనత్త కొడుకు ఆ జాతివాడే.

"పొడిబారితే నీళ్లెందుకు కారతాయి బావా?" అన్నాను ఓసారి.

"అదేరా నా ప్రత్యేకత."

ప్రత్యేకతా లేదు, పాడూ లేదు. పొడికి కన్ను మండితే ఒళ్లే కంగారుపడి నీళ్లు వదులుతుంది. అవి చెంపల మీదికి కారిపోయేవే గానీ కంటికి పట్టేవి కావు.

వైద్యంలో బావ స్వతంత్రుడు. బ్యాగులో నాలుగు చుక్కల సీసాలుంటాయి. ఒకటి మంటకి, ఒకటి ఎరుపుకి, ఒకటి టీమ్ లీడ్ వాడేదట, నాలుగోది దేనికో మందుల షాపు కుర్రాడికే తెలియాలి. శనివారం నీచు ముట్టనివాడు చేపనూనె గోళీకి మాత్రం మినహాయింపు ఇచ్చాడు. ఆ గోళీలు ఆలివ్ నూనె గోళీలకన్నా ఎక్కువేమీ చేయలేదని 2018లో అమెరికాలో తేల్చారు కదా అంటే, "నాది వేరే బ్రాండు" అన్నాడు. ఇంట్లో గాలికి తేమ పట్టించే యంత్రం కొన్నాడు. ఆఫీసులో ఏసీ గాలి సూటిగా మొహానికి కొట్టే సీటు మాత్రం వదలడు. కిటికీ పక్క సీటట.

ప్రొద్దుటూరు నుంచి అత్త ఫోన్ చేసి, "నందివర్ధనం పూలు కళ్లమీద పెట్టుకుని పది నిమిషాలు పడుకో నాయనా, చలవ" అంది. సరుకులు తెచ్చే యాప్‌లో వెతికాడు. స్టాకు లేదు. ఆ వైద్యం అక్కడితో సరి.

చివరికి నేనే కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఆవిడ కింది రెప్పకి సన్నటి కాగితం ముక్క తగిలించి 5 నిమిషాలు కూర్చోమంది.

"కటాఫ్ ఎంత మేడమ్?" అన్నాడు బావ.

10 మిల్లీమీటర్లు తడిస్తే చాలంది. 16 తడిసింది. ఇంజనీరింగ్ పాసైనప్పుడు కూడా బావ అంత పొంగిపోలేదు.

"నీళ్లున్నాయి, నూనె లేదు" అందావిడ, కన్నడం కలిసిన తెలుగులో.

ఆవకాయ జాడీలో పైన నూనె తేలినట్టు, కంటి తడి మీద కూడా ఓ నూనె పొర ఉంటుంది. అది పలచబడితే తడి ఇట్టే ఆవిరైపోతుంది. ఆ నూనె రెప్పల అంచునుండే గ్రంథుల్లోది. రెప్ప వాల్చినప్పుడల్లా కాస్త పిండుకొస్తుంది. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా వాలే రెప్ప, తెర ముందు అయిదారుకి పడిపోతుంది. వాలినా సగమే.

స్వయంవరంలో అయిదుగురు నలులు కూర్చుంటే, రెప్ప వాల్చనివాళ్లు దేవతలని దమయంతి పోల్చుకుంది. ఇవాళ ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసులకొస్తే ఆమెకి పెళ్లి కాదు. అందరూ అనిమిషులే.

బ్యాగులోని నాలుగో సీసా చూసి డాక్టరమ్మ కళ్లెర్రజేసింది. అది స్టెరాయిడ్. అడగకుండా నెలల తరబడి వేసుకుంటే నీటికాసులో, శుక్లాలో తెచ్చిపెడుతుందట. అది పారేయించి, ప్రిజర్వేటివ్ లేని చుక్కలు రాసింది.

"కన్నీళ్లు ముక్కులోకి దిగే తూముకి బిరడా పెడతారటగా మేడమ్, నాకూ పెట్టండి."

"అది ముఖ్యంగా నీళ్లు చాలనివాళ్లకి. మీరు రోజూ వేడి కాపడం పెట్టండి, పేరుకున్న నెయ్యి కరిగినట్టు ఆ నూనె కరుగుతుంది. రెప్పల అంచులు శుభ్రంగా ఉంచుకోండి. 20 నిమిషాలకోసారి తెర వదిలి దూరంగా చూడండి. కళ్లు నిండా మూసి తెరవండి."

కళ్లు మూయడమైతే అత్త చెప్పిందే, పూలు మినహా. బావ మొహం వాడిపోయింది. "దీనికి యాప్ ఏదైనా ఉందా మేడమ్?"

ఆవిడ చెప్పకపోయినా వెతికి దించుకున్నాడు. 20 నిమిషాలకోసారి తెర మీద ఓ బొమ్మ కన్ను మూసుకుని తెరుచుకుంటుంది. బావ దాన్ని రెప్ప వాల్చకుండా చూస్తాడు.

డాక్టరమ్మ చెప్పినవాటిలో రెప్ప వాల్చడానికి పైసా ఖర్చు లేదు. బిల్లు లేని మందు మీద మా బావ జాతికి గురి కుదరదు.