రసీదు కూడా భద్రమే

మేళ్లచెర్వు పక్క ఓ రైతు గెట్టు పంచాయితీలో కర్ర లేపాడనుకోండి. మర్నాడు మేజిస్ట్రేటు ముందు నిలబడి, పొద్దుగూకే వేళకు హుజూర్‌నగర్ సబ్‌జైలు గేటు దగ్గరికొస్తాడు. రైతు నా కల్పితమే. గెట్టు పంచాయితీలు మాత్రం కల్పించనక్కర్లేదు.

అతని ఒంటి మీది సొత్తు అతనికన్నా ముందే సర్కారు రక్షణలోకి వెళ్లిపోయింది. అరెస్టయినవాణ్ణి సోదా చేసి, కట్టుబట్టలు తప్ప మిగతావన్నీ భద్రపరిచి, తీసుకున్నవాటికి రసీదివ్వాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 49వ సెక్షన్ చెబుతుంది. బంగారం లాంటి చట్టం. ఆ రసీదు ఎక్కడ దాచుకోవాలో మాత్రం చెప్పలేదు. జేబులో పెట్టుకుంటాడు. జైలు గేటు దగ్గర ఆ జేబే ఖాళీ చేయిస్తారు. ఖైదీ వెంట తెచ్చిన డబ్బూ వస్తువులూ జైలరు కస్టడీలో ఉండాలని 1894 నాటి జైళ్ల చట్టం 25వ సెక్షన్ అంటుంది మరి. అప్పుడు రసీదు కూడా సొత్తే అవుతుంది.

తాతల నాటి ఉంగరం పంచనామాలో 'పసుపు రంగు లోహపు ఉంగరం' అవుతుంది. బంగారమని రాశాక ఇత్తడని తేలితే రాసినవాడికి తిప్పలు. బంగారమే కాలక్రమంలో ఇత్తడైతే ఎవరికీ తిప్పల్లేవు. పసుపు రంగు పోలేదు కదా! లాకప్‌లో ఉరేసుకుంటాడేమోనని మొలతాడు కూడా తీయిస్తారు. పత్తి పంట పోయిన ఏడాది ఇతని మెడ గురించి ఇంత శ్రద్ధ ఎవరికీ కలగలేదు.

2016లో సంగారెడ్డి పాత జైల్లో 500 రూపాయలు కడితే ఒకరోజు ఖైదీగా ఉంచే ఏర్పాటు చేశారు. ఖద్దరు బట్టలు, పళ్ళెం, గ్లాసు వాళ్లే ఇచ్చేవారు. మన రైతుకు అదే అనుభవం ఉచితం.

అసలు చిక్కు కేసు కింద పట్టుకున్న సొత్తుతో. స్టేషన్లలో వస్తువులు ఏళ్లతరబడి మగ్గకూడదని, పదిహేను రోజులు, మహా అయితే నెలలో తేల్చాలని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. ఆ గుజరాత్ కేసులో నిందితులు పోలీసులే. భద్రపరచిన సొత్తు మాయం చేసి నకిలీవి పెట్టారన్నది ఆరోపణ. 2022లో మథుర పోలీసులు తమ దగ్గరున్న 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని కోర్టుకు విన్నవించుకున్నారు. ఆ ఎలుకల్ని సోదా చేసినట్టు, రసీదిచ్చినట్టు ఎక్కడా వినలేదు.

కొత్త సంహిత 497వ సెక్షన్ గడువులు కూడా పెట్టింది. సొత్తు కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో వివరాలు రాయాలి, ఆ పై 30 రోజుల్లో ఏంచేయాలో ఆదేశించాలి. గడువులకేం, గోడ మీది క్యాలెండర్ నిండా ఉన్నాయి.

బెయిలొచ్చి మన రైతు బయటికొస్తాడు. జైలరు దగ్గరి మూట విప్పి, అన్నీ ముట్టాయని సంతకం పెట్టించుకుని పంపిస్తారు. బస్టాండు దాకా నడుస్తాడు. కోదాడ బస్సెక్కాలంటే చార్జీ కావాలి, చార్జీ ఫోన్‌పేలో ఉంది, ఫోను సాక్ష్యం కింద కోర్టులో ఉంది. విడిపించాలంటే పిటిషన్ వేయాలి. పిటిషన్‌కు వకీలును పిలవాలి.

వకీలు నంబరా? ఆ ఫోన్లోనే ఉంది.