హోం గ్రౌండు

2025 మార్చి 30, ఆదివారం, ఉగాది. పొద్దున గుళ్లో పంతులుగారు మా రాశికి రాజపూజ్యం తక్కువ, అవమానం ఎక్కువ అని చదివితే ఏడాదంతా ఎలా గడుస్తుందా అనుకున్నాను. రాత్రి ఏడింటికల్లా పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో హైదరాబాదు ఓడిపోయాక, పోనీలే, ఏడాది కోటా ఒక్కపూటలో తీరిపోయింది అని సర్దుకున్నాను.

ఓడిపోవడమంటే అలా ఇలా కాదు. వారం కిందట రాజస్థాన్ మీద 286 బాదిన జట్టు, ఇరవై ఓవర్లు నిండకుండానే 163కి చాప చుట్టేసింది. ఢిల్లీ వాళ్లు ఏడు వికెట్లు చేతిలో ఉంచుకుని, నాలుగు ఓవర్లు మిగిల్చి, పండగ భోజనానికి వేళయిందన్నట్టు లేచి వెళ్లిపోయారు. నేను మాత్రం నారింజ రంగు చొక్కాతో మధురవాడ నుంచి కూర్మన్నపాలెం దాకా సిటీ బస్సులో నిలబడి రావాల్సి వచ్చింది. బస్సు నిండా నీలం చొక్కాలు. దోవ పొడుగునా ‘డీసీ, డీసీ’ అని ఒకటే గోల.

కూర్మన్నపాలెంలో దిగి, ఎప్పుడూ తాగే బండి దగ్గరే టీ చెప్పాను. షిఫ్టు దిగి ఇల్లు చేరేముందు ఇక్కడ ఒక టీ పడకపోతే నాకు డ్యూటీ ముగిసినట్టుండదు. టీ పోసే ముసలాయనా నేనూ ఇన్నేళ్లలో మాట్లాడుకున్నది తక్కువే. ‘పంచదార తగ్గించు’ అని నేను, ‘అలాగే బాబూ’ అని ఆయన.

నా వెనకే బస్సు దిగారు ఇద్దరు కుర్రాళ్లు. ఒకడి ఒంటిమీద నీలం చొక్కా, చెంపల మీద నీలం రంగు. వాళ్ల నాన్న పోర్టులో పనిచేస్తాడని తర్వాత తెలిసింది. నా చొక్కా చూసి ఆ కుర్రాడు పండగ చేసుకున్నాడు.

“ఏటంకుల్, ఉగాది పచ్చడి చేదెక్కువైందేటి?”

“ఒక్క రోజు గెలిచారు, గెంతండి” అన్నాను.

“ఒక్క రోజు కాదు గురూ. ఇక్కడ వరసగా రెండోది. మొన్న లక్నో మీద ఒక్క వికెట్టు మిగిలుంటే గెలిచాం. అది అదృష్టం, ఒప్పుకుంటాను. ఇయ్యాల్టిది బుర్ర.”

ముసలాయన్ని అడక్కుండానే కడిగి బోర్లించిన గ్లాసులు నాలుగు లాగి, బల్లమీద ఫీల్డింగు పెట్టాడు. కుర్రాడికి ఆట తెలుసు, ఆ మాట చెప్పుకోవాలి. “ఇది స్టార్కు. మీవాళ్లకి తెలిసిన మందు ఒకటే, మొదటి బంతి నుంచీ కొట్టుడు. రోడ్డు లాంటి పిచ్ అయితే అదే బ్రహ్మాస్త్రం. కొత్త బంతి కాస్త తిరగబడితే అదే ఉరి. మొదటి ఓవర్లోనే అభిషేక్ రనౌటు. మూడో ఓవర్లో కిషన్. స్టార్కు వేసింది బయట బంతి, అటేపు స్టబ్స్‌ని ముందే నిలబెట్టారు. కొడతాడని తెలిసే వేశారు. తర్వాత హెడ్, కీపర్ చేతికి. 37కి నాలుగు. మ్యాచ్ అక్కడే అయిపోయింది. తర్వాతదంతా పేపర్లో వెయ్యడానికి ఆడారు.”

“అనికేత్ వర్మ 41 బంతుల్లో 74 కొట్టాడు, అది ఆట కాదా?” నాకూ ఉడుకెక్కింది.

“ఆటే. అందుకే కదా అక్షర్ కుల్దీప్‌ని దింపింది.” రెండో గ్లాసు ముందుకి జరిపాడు. “నాలుగు ఓవర్లు, 22 పరుగులు, మూడు వికెట్లు. అనికేత్ ఆడికే చిక్కాడు. ఇంకోటి చూశారా? స్టార్కు మూడు వికెట్లు తీసి మంచి ఊపులో ఉంటే, వేరే కెప్టెన్ అయితే నాలుగో ఓవరు అప్పుడే ఏయించేస్తాడు. అక్షర్ దాచాడు. ఆఖర్న ఇచ్చాడు. ఇంకో రెండు. మొత్తం అయిదు వికెట్లు.”

కాదనడానికి నాకేం దొరకలేదు. ఏళ్ల తరబడి ఫర్నేసు దగ్గర నిలబడ్డవాణ్ణి. వేడి ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు ఆపాలో తెలిసినవాడిదే పని అని నాకు వేరే వాళ్లు చెప్పక్కర్లేదు.

గ్లాసులతో అన్నీ చెప్పిన కుర్రాడు ఒక వికెట్టు మాత్రం దాటేశాడు. కిషన్ పోయిన ఓవర్లోనే నితీశ్ రెడ్డీ పోయాడు. రెండు బంతులు, సున్నా. గాజువాక పిల్లాడు. వాళ్ల నాన్న హిందుస్థాన్ జింకులో చేసేవాడు, రాజస్థాన్‌కి బదిలీ అంటే కొడుకు ఆట కోసం ఉద్యోగమే వదిలేశాడు. మూడు నెలల కిందట మెల్‌బోర్న్ టెస్టులో ఆ పిల్లాడు 114 కొట్టినప్పుడు ఇక్కడ పక్కింటివాడు కొట్టినట్టే చెప్పుకున్నాం. అలాంటివాడు సొంత ఊళ్లో బయటి జట్టు తరఫున దిగి సున్నాకి వెనక్కి నడుస్తుంటే, నీలం చొక్కావాడూ నారింజ చొక్కావాడూ ఒకేలా తల దించుకున్నారు. బండి దగ్గర కూడా ఆ పేరు మేమిద్దరం ఎత్తలేదు.

అక్కడితో టీ తాగి వెళ్లిపోతే పోయేది. కుర్రాడు ఊరుకోలేదు. “మొత్తానికి మన ఇంట్లో మన గెలుపు. హోం విన్” అన్నాడు.

“ఎవరిల్లురా? ఢిల్లీకి విశాఖలో ఇల్లేంది? ఫోను తియ్యి. మ్యాపులో ఢిల్లీ ఎక్కడుందో నాకు చూపించు.”

తీశాడు. రెండు వేళ్లతో మ్యాపు కుదించాడు, ఇంకా కుదించాడు. ఒరిస్సా వచ్చింది, ఛత్తీస్‌గఢ్ వచ్చింది, అప్పటికీ ఢిల్లీ రాలేదు. “ఏపీ ఎక్స్‌ప్రెస్సు ఎక్కినా ఒకటిన్నర రోజు పడుతుందిరా మీ ఇంటికి వెళ్లాలంటే” అన్నాను. పక్కవాడు నవ్వాడు. పాయింటు నాది.

కానీ వీడు సామాన్యుడు కాడు. “అంకుల్, మీ హైదరాబాదు టీమెవరిది? చెన్నై సన్ టీవీ వాళ్లది. మా ఢిల్లీలో సగం ఎవరిది? జీఎమ్మారుది. జీఎమ్మార్ ఊరేది? రాజాం. మా అమ్మమ్మగారూరు పక్కనే. ఇప్పుడు చెప్పండి, ఎవరిది సొంత టీము?”

నిజానికి ఈ లెక్కలోకి దిగితే ఎవరికీ ఏమీ మిగలదు. 2015లో హైదరాబాదే తన సొంత మ్యాచులు కొన్ని ఇక్కడికొచ్చి ఆడింది. 2024 మార్చి 31న చెన్నై వస్తే స్టేడియమంతా పసుపే. ధోనీ 16 బంతుల్లో 37 కొట్టాడు, చెన్నై ఓడింది, ఊరు మాత్రం గెలిచినట్టు చిందులేసింది. 20 పరుగులతో గెలిచిన ఢిల్లీవాళ్లు, తాము ఎవరింటికి చుట్టపుచూపుగా వచ్చామా అన్నట్టు నిలబడ్డారు. 2005లో పాకిస్తాన్ మీద ఇదే మైదానంలో 148 కొట్టిన మనిషి మరి ధోనీ. విశాఖ ఆ బాకీ ఇంకా తీరుస్తూనే ఉంది. ఫుట్‌బాల్‌లో అయితే ఇంకా విడ్డూరం. ఒకప్పుడు కోచ్ రహీమ్ సాబ్ తయారుచేసిన ఆటగాళ్లతో దేశాన్ని ఏలిన హైదరాబాదుకి, 2019లో పుణె జట్టు స్థానంలో ఒక ఐఎస్ఎల్ జట్టు వచ్చింది. 2022లో కప్పు కొట్టింది, అదీ కరోనా పుణ్యమా అని గోవాలో. ఈ ఉగాది మ్యాచ్ అయిన ఆరేడు నెలలకే ఆ జట్టు కూడా మూటాముల్లె సర్దుకుని వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. అందరి దారీ అటే.

అయితే ఆ రాత్రి నాకు ఇవేవీ గుర్తు రాలేదు. ఓడిన చొక్కా ఒంటి మీదుంది. పైగా మా యూనియన్ మీటింగుల్లో మైకు దొరికితే వదిలే అలవాటు లేదు నాకు. లేచి నిలబడ్డాను.

“ఒరేయ్, వచ్చి నాలుగు బంతులేసి పోయేవాడిది కాదురా ఇల్లు. అదిగో ఆ ఆర్చి చూడు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిందిరా ఆ ప్లాంటు. 64 ఊళ్లు త్యాగం చేస్తే లేచిందిరా. 1988లో నేను తెనాలి నుంచి ట్రంకు పెట్టె పట్టుకుని ఇక్కడ దిగాను. 1990లో గోదావరి ఫర్నేసు నుంచి మొదటిసారి ఇనుము కారినప్పుడు ఆ వెలుగులో నిలబడ్డాను. 2021లో అమ్మేస్తామని ఢిల్లీ అంటే, ఇదే కూర్మన్నపాలెంలో శిబిరంలో కూర్చున్నాను. ఢిల్లీ ఎక్కడినుంచో వచ్చి ఇది నాది అంటే ఒళ్లు మండుతుందిరా నాకు, అది ప్లాంటైనా సరే, క్రికెట్టు గ్రౌండైనా సరే!”

కుర్రాళ్లు కిక్కురుమనలేదు. నాకు ఇంకా ఊపొచ్చింది.

“సొంతిల్లంటే నన్నడుగు, నే చెప్తా. ఉక్కునగరంలో మా సెక్టారు కొసాకి రా. పెరట్లో రెండు కొమ్మలుగా చీలిన పాత మామిడిచెట్టున్న క్వార్టరు. ముప్ఫై ఏళ్లుగా అందులోనే ఉన్నాం. పొద్దున ఆ చెట్టు కాయే కోసి పచ్చట్లో వేసింది మా ఆవిడ. తన చెట్టుకాయతో ఉగాది పచ్చడి చేసుకున్నవాడిదిరా ఇల్లు!”

టీ పోస్తున్న ముసలాయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గ్లాసు నిండిందేమో అనుకున్నాను. నిండలేదు.

“తాతా, నువ్వు చెప్పు” అన్నాడు నీలం చొక్కావాడు, దిక్కుతోచక. “ఎవరిది హోం టీము?”

“నాకేటి తెల్దు నానా. ఆ ఆటలు మాకేటి తెల్సు” అని, మళ్లీ పోశాడు.

గెలిచినట్టే కదా. ఆ సంతోషంలో అందరి టీలకీ నేనే ఇస్తానన్నాను. రెండొందల నోటు ఇచ్చాను. చిల్లర కోసం ముసలాయన బల్ల కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీశాడు. నోట్లు తీస్తుంటే అడుగున ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం ముక్క కనపడింది. మడతల దగ్గర చిరిగి, టేపు అతికించి ఉంది. కుర్రాడికి టిక్కెట్లు దాచుకునే పిచ్చి ఉన్నట్టుంది. ఆ రోజు మ్యాచ్ టిక్కెట్టు కూడా నలగకుండా ఫోను కవరులో పెట్టుకున్నాడు.

“తాతా, ఏ మ్యాచ్‌ది ఇది? పాతదేటి, ధోనీదా?”

“సూడు.”

వాడు తీసి వీధిదీపం కిందకి పట్టుకెళ్లాడు. నాకు దూరం నుంచే తెలిసింది. ఆర్ కార్డు. ప్లాంటు కోసం ఊరు ఖాళీ చేసిన కుటుంబానికి ఇచ్చే కార్డు. ఇందాక నేను 64 అన్నానే, అందులో ఒకటి. ఆ లెక్క నేను కొన్ని వందల సార్లు మైకులో చెప్పి ఉంటాను. ఒక ఊరి పేరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలిసిందీ లేదు.

కుర్రాడు ముసలాయన పేరు చదివాడు, తండ్రి పేరు చదివాడు, ఊరి పేరు కూడబలుక్కుని చదివాడు. ముప్ఫయ్యేడేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, ఆ పేరు వినడం అదే మొదటిసారి. వాడు అప్పటికే ఫోను తీసి మ్యాపులో కొడుతున్నాడు. ఒకసారి కొట్టాడు. అక్షరాలు మార్చి మళ్లీ కొట్టాడు.

“ఈ ఊరు లేదేటి తాతా? ఎక్కడా చూపించట్లేదు.”

ముసలాయన నోట్లు లెక్కపెడుతూనే, టీ వడపోసే గుడ్డ పట్టుకున్న చేత్తో నా వైపు చూపించాడు.

“బాబుగారినడుగు. ఆరుండేది ఆడే.”

చిల్లర నా చేతిలో పెట్టాడు. నోట్లమీద చెయ్యి అలాగే ఉంచి, పంచదార సంగతి అడిగినంత మామూలుగా అడిగాడు:

“ఈ ఏడు కాయ పులుపుందేటి బాబూ? మా అమ్మ ఏసిన సెట్టు. ఎప్పుడూ ఒక కొమ్మే కాసీది.”