మాజీగారికి మంగళహారతి

పాపం, మాజీ ఎంపీగారికి నెలకు 25,000 రూపాయలు చాలలేదు. 2025 మార్చిలో కేంద్రం ఆ కష్టం కనిపెట్టి పింఛను 31,000 చేసింది. అదీ 2023 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి, బకాయిలతో సహా. అయిదేళ్లు దాటి సభలో గడిపిన ప్రతి ఏడాదికీ నెలకు మరో 2,500 కలుస్తుంది. పాతికేళ్లు సీటు వదలని మహానుభావుడికి లెక్క 81,000కు తేలుతుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న సామెతను పార్లమెంటు గేటు దగ్గరే ఆపేసినట్టున్నారు.

ఈ పింఛను 1976లో పుట్టింది. ప్రతిపక్షాల పెద్దతలకాయలు చాలామంది జైల్లో ఉన్న రోజులవి. అప్పట్లో నెలకు 300, అదీ అయిదేళ్లు సభ్యుడిగా ఉంటేనే. 2004లో చేసిన సవరణ కనీస కాలం షరతునే ఎత్తేసింది. ఎన్నాళ్లున్నా ఫరవాలేదు, ఉంటే చాలు. సరిగ్గా ఆ ఏడాది జనవరి ఒకటి నుంచే, సైనికులు తప్ప కొత్తగా కొలువులో చేరే కేంద్ర ఉద్యోగులకు పాత పింఛను రద్దయింది. ముప్పై అయిదేళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తా ముసలితనం షేర్ మార్కెట్ దయ. పొద్దున ప్రమాణం చేసి సాయంత్రం రాజీనామా ఇచ్చినవాడి ముసలితనానికి మాత్రం ఖజానా పూచీ. ఉద్యోగులు ఇరవై ఏళ్లు గోల పెట్టాక 2025లో ఏకీకృత పింఛను పథకం (యూపీఎస్) అని ఓ ఊరడింపు దొరికింది. అందులో మూలవేతనంలో సగం పింఛనుగా రావాలంటే 25 ఏళ్లు చాకిరీ చేయాలి. దేశసేవకూ ఉద్యోగానికీ ఆమాత్రం తేడా ఉండొద్దూ!

ఇదేం న్యాయమని ఒక సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018 ఏప్రిల్‌లో మన కృష్ణా జిల్లావాడైన జస్టిస్ చలమేశ్వర్ ఉన్న ధర్మాసనం పిటిషన్ కొట్టేసింది. అది పార్లమెంటు తేల్చుకోవలసిన సంగతట. అంటే ఎంపీల పింఛను ఎంతో ఎంపీలే తేలుస్తారు. వాళ్లు ఇంకో మెట్టు పైకెక్కి, అయిదేళ్లకోసారి ధరల సూచీని బట్టి దానంతటదే పెరిగేలా 2018లోనే చట్టంలో రాసేసుకున్నారు. ఇక చెయ్యెత్తి ఓటేసే శ్రమ కూడా లేదు.

ఇదే కేంద్రం దారిద్ర్యరేఖకు దిగువనున్న అరవై దాటిన ముసలమ్మకు ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. ఎనభై నిండితే 500. ఇరవై ఏళ్లు కావస్తున్నా ఆ 200 అక్కడే ఉంది. పైన కలిపేది ఏదైనా రాష్ట్రాలే కలపాలి. ఒక మాజీగారి కనీస పింఛనులో 155 మంది ముసలమ్మలు పడతారు. ఆమె రైలెక్కితే పూర్తి టికెట్టే, ఎందుకంటే వయోవృద్ధుల రాయితీని 2020 మార్చిలో ఎత్తేశారు. కరోనా వెళ్లిపోయింది, రాయితీ తిరిగి రాలేదు. మాజీగారికి మాత్రం ఫస్ట్ ఏసీ ఉచితం. వెంట తోడు కావాలంటే ఇద్దరికీ సెకండ్ ఏసీ.

ఇల్లు ఖాళీ చేయించడం అసలైన ప్రహసనం. లోక్‌సభ రద్దయిన నెలలోపు బంగళా వదలాలి. 2019 ఎన్నికల తర్వాత ఆగస్టు వచ్చినా రెండు వందల మందికి పైగా మాజీలు కదల్లేదు. చట్టాలు చేసినవారే కదా, గడువంటే ఏమిటో వారికి తెలియదా? చివరికి హౌస్ కమిటీ వారం గడువిచ్చి, మూడు రోజుల్లో కరెంటు, నీళ్లు, గ్యాస్ తీసేయమంది. అద్దె ఎగ్గొట్టిన కాలేజీ కుర్రాళ్ల మీద ఇంటి యజమాని వేసే ఎత్తే ఇది. అదే కాలంలో ప్రభుత్వ వసతుల్లో అక్రమంగా ఉన్నవారిని ఖాళీ చేయించే చట్టానికి పదును కూడా పెట్టారు. గుడిసెవాసికి అక్కర్లేని పదును అది. వాడికి బుల్డోజర్ సరిపోతుంది.

సొంతూళ్లో మాత్రం మాజీగారు చిరంజీవి. పీవీ నరసింహారావు ప్రభుత్వం 1993లో మొదలెట్టిన ఎంపీల నియోజకవర్గ నిధుల పథకం (ఎంపీ ల్యాడ్స్) పుణ్యమా అని బస్సు రాని ఊరికి బస్ షెల్టరు కట్టించారు. అందులో మేకలు నీడపట్టున పడుకుంటాయి, పైన ఆయన పేరు ఊరిపేరుకు రెండింతల సైజులో ఉంటుంది. ఇంట్లో బీరువా తెరిస్తే నాలుగు రంగుల కండువాలు ఇస్త్రీ మడతల్లో కనిపిస్తాయి. గాలి ఎటు తిరిగినా వెతుక్కోనక్కర్లేదు. టికెట్టు దక్కని రోజు నుంచీ ఆయనకు ప్రజాస్వామ్యం ప్రమాదంలో పడినట్టు తోస్తోంది. టీవీ చర్చల్లో విలువల గురించి మాట్లాడుతున్నారు. తిరుమల దర్శనానికి ఉత్తరం కావాలని ఎవరూ రావడం లేదు. ఆయన అనుభవిస్తున్న పదవీ విరమణ నిజానికి ఇదొక్కటే.

అయినా ఆశ చావలేదు. గవర్నరుకు కనీసం 35 ఏళ్లుండాలని రాజ్యాంగం 157వ అధికరణంలో రాసినవాళ్లు ఎన్నేళ్లు దాటకూడదో రాయలేదు. అందుకే మాజీగారు తెల్లారే నడకకు వెళతారు, బీపీ మాత్ర మరిచిపోరు, ఢిల్లీ నంబరు కనిపిస్తే రెండో రింగు కానివ్వరు.