అంకెకు అరవై పౌండ్లు

మేముండే ఊరి పేరు రీడింగ్ అని రాస్తారు, రెడింగ్ అని పలుకుతారు. లండన్‌కి పడమట రైల్లో అరగంట. రాసేదొకటీ పలికేదొకటీ అన్న సూత్రం ఊరి బోర్డు చూసినప్పుడే తలకెక్కి ఉంటే, అద్దె ఇంటి విషయంలో నాకు బోలెడు డబ్బు మిగిలేది.

2017లో దిగాం. ఇల్లు చూపించిన ఏజెన్సీ కుర్రాడు సూటూ బూటూ వేసుకుని పెళ్లిచూపులకొచ్చిన వరుడిలా ఉన్నాడు. ఇల్లు చూసుకోవడానికి ఎనిమిది నిమిషాలిచ్చాడు. మా వెనక మెట్ల మీద మరో మూడు జంటలు. సరే అన్నాక లాంఛనాల పట్టీ వచ్చింది. నా గుణగణాలు ఆరా తీసినందుకు రిఫరెన్స్ ఫీజు, గోడకు ఎన్ని మేకులున్నాయో రాసుకున్నందుకు ఇన్వెంటరీ ఫీజు, తాళంచెవి చేతిలో పెట్టినందుకు చెకిన్ ఫీజు. ఆడపడుచు కట్నం అంటే విన్నాం గానీ తాళంచెవికి కట్నం ఇచ్చుకోవడం మా వంశంలో నాతోనే మొదలు.

ఏడాది తిరిగేసరికి మెయిలు. “మీకో శుభవార్త. మీరు మరో ఏడాది ఉండటానికి ఓనరు సమ్మతించారు.” దాని కింద, చత్వారం ఉన్నవాళ్లకి ఆనని అక్షరాల్లో: రెన్యూవల్ ఫీజు 120 పౌండ్లు. అప్పటి రేటులో పదివేల రూపాయల పైచిలుకు. రూపాయల్లోకి మార్చుకోవడం మానెయ్యమని మా ఆవిడ ఒట్టు వేయించుకుంది గానీ, ఇలాంటప్పుడు ఒట్టు తీసి గట్టున పెడతాను.

పాత అగ్రిమెంటూ కొత్త అగ్రిమెంటూ పక్కపక్కన పరిచి, డిగ్రీలో ఏ పుస్తకమూ చదవనంత శ్రద్ధగా చదివాను. మొదలయ్యే తేదీలో 7 ఉన్నచోట 8. ముగిసే తేదీలో 8 ఉన్నచోట 9. అంకెకు 60 పౌండ్లు. అద్దె అంకె కూడా మారింది, పాపం అది ఉచితంగానే మార్చారు.

మా బావమరిది కూకట్‌పల్లిలో అద్దెకుంటాడు. స్టాంపు పేపరు, టైపింగు, నోటరీ ముద్ర, రెండు జిరాక్సులు, అన్నీ కలిపి వందల్లో తేలిపోతుంది వాడికి. ఏడాది దాటిన లీజుని రిజిస్టరు చెయ్యాలని 1908 నాటి చట్టం అంటుంది కాబట్టి, మన అద్దె ఇళ్లలో ఏడాదికి పదకొండు నెలలే. చట్టాన్ని అంత సున్నితంగా పక్కకి తప్పించడం ఇక్కడివాళ్లకి చేతకాదు. ఇక్కడ ఏడాదికి పన్నెండు నెలలు, ప్లస్ వ్యాట్.

అసలు కడుపుమంట ఆ తర్వాత. ఆఫీసులో భోజనాల దగ్గర ఒకాయన చల్లగా చెప్పాడు, ఆ కాగితం అక్కర్లేదని. 1988 హౌసింగ్ చట్టం ప్రకారం గడువు తీరినా మనం కదలకపోతే, అవే షరతులతో నెలనెలా అద్దె దానంతటదే సాగుతుందట. అంటే ఉచితంగా దొరికేదాన్ని నేను 120 పెట్టి కొనబోతున్నానన్నమాట. ఏజెంటుకి ఫోన్ చేసి, “సంతకం పెట్టకపోతే ఏమవుతుంది?” అని నిలదీశాను.

“ఏమీ కాదు సార్,” అన్నాడు తేనె పూసిన గొంతుతో. “కాకపోతే ఓనరుగారికి సెక్షన్ 21 అని ఒకటుంది.”

కారణం చెప్పకుండా, రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయించే సెక్షన్ అది. పెన్ను ఎక్కడుందో వెతుక్కున్నాను.

మూడు నెలలకోసారి తనిఖీ కూడా ఉండేది. ఓసారి ఏజెంటు గుమ్మంలో ఉండగా మా ఆవిడ చారులో ఇంగువ పోపు పెట్టింది. స్మోక్ అలారం గగ్గోలు. ఆవిడ స్టూలెక్కి తువ్వాలు ఊపుతుంటే, అతను గాలి పీల్చి, ఆలోచించి, పొయ్యిని ఫొటో తీసుకున్నాడు. వాసనకి ఫొటో ఎలా పడుతుందో అడిగే ధైర్యం నాకు లేదు. రెన్యూవల్ దగ్గర పడుతోంది.

2019 జూన్ 1 నుంచి ఇంగ్లండులో ఈ ఫీజులన్నీ నిషేధించారు. డిపాజిట్ కూడా మాలాంటివాళ్లకి ఐదు వారాల అద్దెకి మించకూడదన్నారు. పాయసం చేసుకున్నాం. పాత ఒప్పందాల్లో రాసి ఉన్న ఫీజులు 2020 మే 31 దాకా చెల్లుతాయని పాయసం తిన్నాక తెలిసింది. మేమే ఆఖరి బ్యాచ్.

ఆ తర్వాత ఫీజు నిజంగానే పోయింది. ఓనరు దగ్గర ఏజెన్సీ పుచ్చుకునే రెన్యూవల్ కమీషన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మా అద్దె నెలకి 25 పౌండ్లు పెరిగింది. అంతా ఆ కమీషన్ చలవే అనను, ఓనరుకీ అప్పులుంటాయి. కానీ 120 తప్పించిన పార్లమెంటుకి 300 కట్టుకుని దణ్ణం పెట్టిన కుటుంబం మాది.

ఇప్పుడు ఇంకో చట్టం. 2026 మే 1 నుంచి గడువు పెట్టి అద్దెకివ్వడమే రద్దు, సెక్షన్ 21 కూడా రద్దు. అద్దె ఏడాదికి ఒక్కసారే, రెండు నెలల ముందు నోటీసిచ్చి పెంచాలి. గడువే లేనప్పుడు రెన్యూవల్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏజెన్సీవాళ్ల మెయిలు దగ్గరివాళ్లెవరో పోయినట్టుంది. చివర యథాప్రకారం ‘కైండ్ రిగార్డ్స్’.

ఈ శుభవార్త చెబుదామని బావమరిదికి ఫోన్ చేశాను. వాడి గొంతు నీరసంగా ఉంది.

“మా బ్రోకరు రెన్యూవల్‌కి సగం నెల అద్దె అడుగుతున్నాడు బావా. ఇదేం కొత్త పద్ధతని గట్టిగానే అడిగాను.”

“ఏమన్నాడు?”

“లండన్‌లో ఎప్పట్నుంచో ఉంది సార్, కావాలంటే మీ బావగారిని అడగండి అన్నాడు.”