కొట్టంలో, షెడ్డులో ఈ చిట్కాలు పాటించకండి

పాడి రైతులకూ కోళ్ల రైతులకూ ఊళ్లో సలహాలకు కొదవ లేదు. చెప్పేవాళ్లలో చాలామంది మేలు కోరే చెబుతారు. వాళ్ల మీద నమ్మకంతోనే రైతు మారు మాట్లాడకుండా పాటిస్తాడు. నన్ను భయపెట్టేది అదే.

"ఒక చన్నుకే కదా మందెక్కించాం, మిగతా మూడింటి పాలు డెయిరీకి పోసెయ్." పొదుగువాపు వచ్చిన గేదె విషయంలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. ఇది తప్పు. చన్నులోకి ఎక్కించిన మందు రక్తంలో కలిసి మిగతా చన్నుల్లోకీ దిగుతుంది. నాలుగింటి పాలూ పక్కన పెట్టాల్సిందే. కాచితే పోతుందనే మాటా నమ్మకండి, చాలా యాంటీబయోటిక్‌లు మరిగినా నశించవు. అలాంటి పాలకు తోడేస్తే పెరుగు సరిగా తోడుకోకపోవచ్చు, తోడులోని బ్యాక్టీరియాను మందు పెరగనివ్వదు మరి. వాటిని దూడకు పట్టినా మేలు లేదు, దాని కడుపులో మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి.

ఎన్నాళ్లు ఆగాలో మందు లేబుల్ మీద ఉంటుంది. లేకపోతే, 2012లో వచ్చిన నిబంధన ప్రకారం పాలకూ గుడ్లకూ కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు. రెండు గేదెల మీద బతికే ఇంటికి వారం పాలు పారబోయడం చిన్న దెబ్బ కాదు. ఆ నష్టంలో కొంత పాలు కొనే డెయిరీలు భరించాలని నా గట్టి అభిప్రాయం. అంతా రైతు నెత్తినే వేస్తే నిబంధన కాగితం మీదే ఉండిపోతుంది.

"జబ్బు రాకముందే మందు నీళ్లలో కలిపెయ్, కోడిపిల్లలు గట్టిపడతాయి." అవసరం లేని మందు తనకు లొంగే క్రిముల్ని చంపి, లొంగని వాటికి చోటు ఖాళీ చేస్తుంది. తర్వాతి బ్యాచ్‌కి నిజంగా జబ్బు చేసినప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు. కోలిస్టిన్ సంగతి చూడండి. వేరే ఏ మందూ పనిచేయని రోగికి ఐసీయూలో చివరగా ఇచ్చే మందు అది. దాన్ని త్వరగా బరువు పెరగాలని కోళ్ల దాణాలో కలిపారు! దానికి లొంగకుండా చేసే ఎంసీఆర్-1 జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి పాకుతుందని 2015లో చైనాలో బయటపడింది. పందుల్లో, మాంసంలో, రోగుల్లోనూ అది కనిపించింది. మన దేశం 2019 జులైలో పశువులకూ కోళ్లకూ చేపలకూ దాణాలోనూ కోలిస్టిన్‌ను నిషేధించింది. పాత డబ్బా ఏదైనా మిగిలి ఉంటే వాడకండి, పక్క షెడ్డుకు ఇవ్వకండి.

"కోళ్లు మెడ తిప్పుతున్నాయి, పౌడర్ వెయ్." కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది, గాలికుంటూ అంతే. వైరస్‌ను యాంటీబయోటిక్ ఏమీ చేయలేదు. వేళకు టీకా వేయించడమే దారి.

"మొన్న పక్కింటి గేదెకు పనిచేసింది, అదే తెచ్చెయ్." పొదుగువాపు తెచ్చే క్రిములు చాలా రకాలు, అన్నీ ఒకే మందుకు లొంగవు. పశువైద్యుణ్ణి పిలిపించండి, సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. ఏ మందు పనిచేస్తుందో తేల్చే పరీక్ష చేయించమని అడగండి. పాల నమూనా మాత్రం మొదటి ట్యూబు ఎక్కించక ముందే తీయించండి. మందు పడ్డాక తీస్తే ల్యాబులో క్రిములు పెరగకపోవచ్చు, అప్పుడు పరీక్షలో ఏమీ తేలదు.