రంగం డబ్బు

ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒక తాత ఎక్కడో ఏదో దాచి పోయాడన్న నమ్మకం ఉంటుంది. మీ ఇంట్లో లేదంటే నేను నమ్మను. మా ఇంట్లో ఆ తాత మా నాన్నకు తాత. భీమిలి రేవులో స్టీమరెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్లాడు. ఆ రోజుల్లో కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ తీరాల నుంచి వేలమంది అలాగే వెళ్లారు. రంగూన్ రేవులో మూటలు మోసిందీ, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిందీ చాలావరకు మనవాళ్లే. ఆయన కొడుకు మాత్రం సముద్రం జోలికి పోకుండా బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరి బిలాస్‌పూర్ వచ్చాడు. అలా మేం ముగ్గురు తోబుట్టువులం రైల్వే కాలనీలో పుట్టి పెరిగాం. నేను తఖత్‌పూర్‌లో దుకాణం పెట్టుకుని ఇక్కడే ఉండిపోయాను.

ముత్తాత గురించి ఇంట్లో చెప్పుకునే కథ ఒకటే. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. అక్కణ్నించి లక్షలమంది అడవులూ కొండలూ పట్టుకుని ఇండియా వైపు నడిచారు. కలరాకూ మలేరియాకూ ఆకలికీ దారిలోనే వేలమంది రాలిపోయారు. 1942లో మా ముత్తాత కూడా పోయాడని కబురొచ్చింది. కర్మ జరిగింది. అప్పట్నుంచి ఏటా వైశాఖంలో తద్దినం పెడుతూనే ఉన్నాం.

అర్థంకానిదల్లా ముత్తవ్వ. కొడుక్కి రైల్వే క్వార్టరుంది, మనవలున్నారు, రమ్మని ఎంత బతిమాలినా ఆవిడ భీమిలి వదల్లేదు. చివరిదాకా ఆ ఇంట్లోనే ఒంటరిగా ఉంది. దీనికి నేను చిన్నప్పుడే కారణం కనిపెట్టేశాను: బంగారం! రంగం సొమ్ము ఇంట్లో పాతిపెట్టి ఉంటుంది, దానికే కాపలా కాస్తోంది. పెరిగి పెద్దయినా ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. పైగా తఖత్‌పూర్ బజారులో ఆ ఇంటిని మేడ చేశాను, మేడకు రంగూన్ టేకు స్తంభాలు నిలబెట్టాను. ఉన్నదేమో సముద్రపు ఉప్పుగాలికి సున్నం రాలిపోయిన పెంకుటిల్లు.

దాన్ని అమ్మేద్దామని అప్పా, తమ్ముడూ, నేనూ కోర్బా–విశాఖ రైలెక్కాం. అటక మీద ఒక ట్రంకుపెట్టె దొరికింది. తాళం తుప్పు పట్టి ఉంటే తమ్ముడు సుత్తితో పగలగొట్టాడు. పాత చీరలు, ఒక ఇత్తడి చెంబు, అడుగున పరిచిన అట్ట. అట్ట కింద గుడ్డలో చుట్టిన నోట్ల కట్ట. అన్నీ వంద రూపాయల నోట్లే!

అప్ప కట్టను కళ్లకద్దుకుంది. నేను లెక్కపెట్టాను.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. యుద్ధకాలం నాటి నోటు ఒక్కోటి లక్ష పలకదా? పలికితే దుకాణం మీద అంతస్తు, అంతస్తు పడ్డాక కారు, కారొచ్చాక అమ్మాయి పెళ్లి రాయపూర్‌లో. తెల్లారేసరికి పెళ్లి కూడా అయిపోయింది. వాళ్లిద్దరూ లేవకముందే కట్టలోంచి కొన్ని నోట్లు లాగి లోపలి జేబులో కుక్కుకున్నాను. గుమ్మంలో అలికిడికి అప్ప లేచి ఎక్కడికిరా అంటే టీకన్నాను. విశాఖ బస్సెక్కేశాను. తోబుట్టువుల వాటా జేబులో పెట్టుకుని కిటికీ పక్కన దర్జాగా కూర్చున్నాను.

పాత నాణేల వ్యాపారి భూతద్దమైనా తియ్యలేదు. బల్ల కింద నుంచి అలాంటివే ఒక దొంతర తీసి నా ముందు పెట్టాడు. బర్మాను పట్టుకున్నాక జపాన్ ప్రభుత్వం అచ్చు వేయించిన నోట్లట. వాటి మీద అక్షరాల్లో మొదటిది ‘బి’, అంటే బర్మా. 1945లో బ్రిటిష్‌వాళ్లు రంగూన్ మళ్లీ తీసుకోగానే అవి చిత్తుకాగితాలైపోయాయి. కుప్పలుగా మిగిలాయి గనక సేకరించేవాళ్లకు ఇప్పటికీ చవగ్గానే దొరుకుతాయి. “చిన్న నోట్లు నలభై రెండులోనే వచ్చాయండి, వంద నోటు మాత్రం నలభై నాలుగులో,” అన్నాడు. ఆ మాట నా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. నా అంతస్తూ కారూ అప్పుడే కూలిపోతున్నాయి.

ఇంటికొచ్చి, చేసిన దొంగతనంతో సహా అంతా కక్కేశాను. అప్ప తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“వంద నోటు ఎప్పుడొచ్చిందన్నాడ్రా?”

“నలభై నాలుగులో.”

“తాత నలభై రెండులో పోతే ఇవి సంపాదించిందెవర్రా?”

చేతిలో పట్టుకుని ఊరు దాటించి తెచ్చినవాణ్ని, ఆ నోట్ల మీద వంద అన్న అంకె తప్ప నాకేమీ కనబడలేదు. డబ్బు వాసన తగిలితే మన కళ్లు అంతవరకే చదువుతాయి.

పక్కింటి పెద్దావిడను అడిగాం. వాళ్లమ్మ చెప్పగా విన్నదట: యుద్ధం అయిపోయాక రంగం నుంచి ఒకాయన వచ్చి, ‘మీ ఆయన పంపాడమ్మా, నేను బయల్దేరేనాటికి బతికే ఉన్నాడు’ అని మూట ఇచ్చి వెళ్లాడు. షావుకారు ఆ నోట్లు చెల్లవన్నాడు. ముత్తవ్వ తిరిగొచ్చి మళ్లీ ఆ ఊసెత్తలేదు. బిలాస్‌పూర్‌లో కొడుకు ఏటా తండ్రికి పిండం పెడుతున్నా వద్దనలేదు. భర్త తిరిగొస్తే ఈ ఇల్లే వెతుక్కుంటూ రావాలి గనక తాను మాత్రం ఇల్లు కదల్లేదు. అలాంటి మనిషిని నేను ఇన్నేళ్లూ బంగారానికి కాపలా పెట్టాను.

ముత్తాత ఎప్పుడు పోయాడో, ఎక్కడ పోయాడో మాకిప్పుడు తెలియదు. తిథి తెలియనివాళ్లకు మహాలయ అమావాస్యనాడు పెట్టాలన్నారు పురోహితులు. తమ్ముడు ఒప్పుకోలేదు, ముత్తవ్వ కాదనని తిథిని మార్చడానికి మనమెవరం అన్నాడు. అప్ప అమావాస్యే అంది. ఇద్దరి మాటా కాదనలేక, ఈ ఏడు వైశాఖంలో ఒకసారి పెట్టాం. మహాలయానికి వాళ్లిద్దరూ తఖత్‌పూర్ వస్తున్నారు, మనియారి నదిలో తర్పణం వదలడానికి.